అంగారకుడి ఎండ... ఉద్దానం కరెంటు

2018లో రెండు తుపాన్లు వచ్చాయి. ఒకటి అంగారకుడి మీద, మరొకటి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మీద.

ఆ ఏడాది జూన్ మొదటి తేదీన అంగారక గ్రహం మీద ఆపర్చునిటీ రోవర్ సోలార్ పలకలు రోజుకు 645 వాట్-అవర్ల కరెంటు తీస్తున్నాయి. అంతలో దుమ్ము తుపాను లేచి గ్రహమంతా కమ్మేసింది. పదో తేదీకి ఆ కరెంటు 22 వాట్-అవర్లకు పడిపోయింది. మన ఇంట్లో ఒక ఎల్‌ఈడీ బల్బు రెండున్నర గంటలు వెలగడానికి సరిపోయేంత. ఆ రోజు పంపిన సందేశమే ఆ బండి చివరి సందేశం. 90 రోజులు పనిచేస్తే చాలనుకుని పంపితే పద్నాలుగేళ్లకు పైగా పనిచేసి, 45 కిలోమీటర్లు తిరిగి, చివరికి కరెంటు లేక ఆగిపోయింది. వెయ్యికి పైగా సంకేతాలు పంపి, ఒక్కదానికీ జవాబు రాకపోవడంతో 2019 ఫిబ్రవరి 13న నాసా ఆశ వదులుకుంది.

రెండో తుపాను మనకు బాగా తెలిసిందే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గాలులు గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, ఒక్కో విసురు 165 దాకా. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలకొరిగాయి. స్తంభాలు విరిగాయి, తీగలు తెగాయి, ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. మోటార్లు తిరగలేదు కాబట్టి నీళ్లూ లేవు.

ఈ రెంటికీ ఒక పెద్ద తేడా ఉంది. అంగారకుడి మీద సూర్యుడే కనపడకుండా పోయాడు. ఉద్దానంలో తుపాను వెళ్లిపోయాక సూర్యుడు తిరిగి వచ్చాడు. విరిగిన స్తంభాల మీద, పడిపోయిన కొబ్బరి మట్టల మీద ఎండ నిక్షేపంగా కాసింది. అయినా ఇళ్లలో దీపం వెలగలేదు.

వేరే గ్రహం మీద మనుషులు సోలార్ కరెంటుతో బతకగలరా అన్నది ప్రపంచవ్యాప్తంగా విద్యార్థులకు ఇష్టమైన ప్రయోగాంశం. ఇళ్ల నమూనాలు కడతారు, లెక్కలు వేస్తారు, పోటీలకు పంపుతారు. ఇది అమెరికా బడులకో, నగరాల్లోని కార్పొరేట్ స్కూళ్లకో చెందిన విషయమని పలాస, టెక్కలి పిల్లలు అనుకోనక్కర్లేదు. తీగ తెగిపోయిన ఇంట్లో బతకడం ఎలా ఉంటుందో వాళ్లకు తెలిసినంతగా చాలామందికి తెలియదు. అంగారకుడి మీద కట్టే ఇల్లు సరిగ్గా అలాంటిదే. అక్కడికి ఏ సబ్‌స్టేషన్ నుంచీ లైను రాదు.

ఒక బల్బు, ఒక పలక, ఒక టేపు

ఈ ప్రయోగం మొదలుపెట్టడానికి ప్రయోగశాలేమీ అక్కర్లేదు. అరచేతిలో పట్టే సోలార్ పలక, మల్టీమీటరు, చిన్న బల్బు, కొలిచే టేపు, కిటికీలు మూసిన గది ఉంటే చాలు. బల్బుకు సరిగ్గా మీటరు దూరంలో పలక పెట్టి, మల్టీమీటరుతో కరెంటు ఎన్ని మిల్లీఆంపియర్లో కొలవాలి. అది భూమి. తర్వాత పలకను 152 సెంటీమీటర్లకు జరపాలి. అది అంగారకుడు. సూర్యుడి నుంచి భూమి ఉన్న దూరానికి అంగారకుడి సగటు దూరం 1.52 రెట్లు.

దూరం ఒకటిన్నర రెట్లే కదా, కరెంటు కూడా మూడింట రెండు వంతులు వస్తుందని పిల్లలు అనుకుంటారు. మీటరు మాత్రం మొదటి కొలతలో 43 శాతం దగ్గర ఆగుతుంది. కాంతి దూరానికి కాదు, దూరం వర్గానికి తగ్గుతుంది. 1.52ను 1.52తో హెచ్చిస్తే 2.31. అందుకే భూమి దగ్గర చదరపు మీటరుకు 1,361 వాట్లున్న సూర్యశక్తి అంగారకుడి దగ్గర సుమారు 590 వాట్లే. పుస్తకంలో సూత్రంగా బట్టీ పట్టిన విషయం కళ్లముందు అంకెగా కనిపిస్తుంది. ఇక్కడ మాస్టారు ఒక జాగ్రత్త చెప్పాలి. కొలవాల్సింది కరెంటు, వోల్టేజీ కాదు. వెలుతురు సగానికి తగ్గినా పలక వోల్టేజీ పెద్దగా పడదు. అది చూసి మోసపోయిన ప్రాజెక్టులు ఎన్నో.

రెండో మెట్టు, పలకను వంచే కోణం. దీనికి శ్రీకాకుళం జిల్లాకంటే మంచి చోటు లేదు. అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయంలో ఏటా మార్చి రెండో వారంలోనూ, అక్టోబరు మొదట్లోనూ ఉదయపు కిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. వేల మంది చూడడానికి వస్తారు. ఆ రెండు తేదీలే ఎందుకు? మార్చి 10 ప్రాంతంలోనూ, అక్టోబరు 2 ప్రాంతంలోనూ సూర్యుడు ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా దాదాపు నాలుగు డిగ్రీల దూరంలో ఉంటాడు. ఒకసారి ఉత్తరానికి వస్తూ, ఒకసారి దక్షిణానికి పోతూ. అంటే ఆ రెండు ఉదయాల్లో సూర్యుడు దిగంతంలో ఇంచుమించు ఒకే చోట పొడుస్తాడు. ఆలయం కట్టినవాళ్లకు ఆ చోటు కచ్చితంగా తెలుసు.

పలాస అక్షాంశం సుమారు 18.8 డిగ్రీలు. ఏడాదంతా ఒకే కోణంలో ఉంచాల్సి వస్తే పలకను దక్షిణం వైపు దాదాపు అంతే వంచాలి. మే నడుమ నుంచి జులై చివరి దాకా మాత్రం మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరం వైపు ఉంటాడు. బడి ఆవరణలో ఒక కర్ర నిలబెట్టి నెలనెలా మధ్యాహ్నపు నీడ గీసుకుంటే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. అంగారకుడి అక్షం వంపు 25 డిగ్రీలు, భూమిది 23.4. అక్కడి రోజు మన రోజుకంటే 40 నిమిషాలు ఎక్కువ. ఏడాది మాత్రం 687 రోజులు. కాబట్టి నీడ లెక్క ఒకటే, ఋతువులే దాదాపు రెండింతలు.

2004లో దిగిన స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్ల మీద నిజంగానే ఒక నీడ గడియారం ఉంది. కెమెరా రంగులు సరిచూసుకునే పనిముట్టునే అలా మలిచారు. రెండు లోకాలకూ సూర్యుడు ఒక్కడే అన్న మాట దాని మీద చెక్కి పంపారు.

దుమ్ము

అసలు కథ ఇక్కడే ఉంది. అంగారకుడి మీద సోలార్ కరెంటుకు దూరంకంటే పెద్ద శత్రువు దుమ్ము.

1997లో దిగిన సోజర్నర్ అనే బుల్లి రోవర్ మీద దుమ్మును కొలవడానికే ఒక పరికరం పెట్టారు. రోజుకు 0.28 శాతం చొప్పున పలక శక్తి తగ్గుతోందని అది చెప్పింది. వినడానికి చిన్న అంకె. వంద రోజులకు నాలుగో వంతు పోయినట్టే. 2018 నవంబరులో దిగిన ఇన్‌సైట్ ల్యాండర్ మొదట్లో రోజుకు సుమారు 5,000 వాట్-అవర్లు తీసేది. 2022 వేసవి వచ్చేసరికి అది 500కు దిగింది. ఆ డిసెంబరులో దాని కథ ముగిసింది. చైనా పంపిన జురోంగ్ రోవర్ 2022 మేలో చలికాలపు నిద్రలోకి వెళ్లి మళ్లీ లేవలేదు.

ఇన్‌సైట్ బృందం చేసిన ఒక ప్రయత్నం గురించి ప్రతి సైన్సు తరగతిలోనూ చెప్పాలి. పలకలను తెరిచే మోటార్లతోనే వాటిని దులపాలని చూశారు, కుదరలేదు. 2021 మేలో ఇంకో ఉపాయం చేశారు. రోబో చేతిలోని చేటలాంటి తొట్టితో ఇసుక ఎత్తి, పలక పక్కన సన్నగా జారవిడిచారు. దుమ్ము పోవాలంటే ఇంకా ఇసుక పోయడమేమిటి? పెద్ద రేణువులు గాలికి ఎగిరి పలక మీద గెంతుతూ పోతాయి, పోతూ పోతూ అంటుకున్న మెత్తని దుమ్మును లేపుకుపోతాయి. రోజుకు 30 వాట్-అవర్ల లాభం వచ్చింది. కొద్దిపాటిదే. కానీ ఆ కొద్దిపాటితోనే ఆ యంత్రం మరికొంత కాలం అంగారకుడి కంపనాలను వినగలిగింది. కోట్ల కిలోమీటర్ల దూరంలో, చీపురు లేని చోట, ఉన్న మట్టినే చీపురు చేసుకున్న ఆలోచన అది.

దీన్ని బారువ సముద్రపు ఒడ్డున ఉన్న బడిలో చేసి చూడొచ్చు. ఇటుక పొడిని పలుచని గుడ్డలో వడకట్టి పలక మీద చల్లాలి. పొర పొరకూ కరెంటు కొలిచి గ్రాఫు గీయాలి. తర్వాత ఫ్యాను గాలికి ఎదురుగా పొడి ఇసుక జార్చి ఎంత తిరిగి వచ్చిందో చూడాలి. ఇక్కడి గాలి అంగారకుడి గాలికంటే సుమారు 60 రెట్లు చిక్కన కాబట్టి ఫలితం అచ్చంగా అలాగే రాదు. ఎందుకు రాలేదో రాయడమే ప్రయోగంలో మంచి భాగం.

ఉద్దానం పిల్లలు దీనికి తమదైన మరో కొలత కలపాలి. తీరంలో పలకకు దుమ్ముతో పాటు ఉప్పు తడి కూడా అంటుతుంది. ఒకే రకం పలకలు రెండు తీసుకుని ఒకటి సముద్రానికి దగ్గర ఊళ్లో, ఒకటి టెక్కలి వైపు లోపలి ఊళ్లో డాబా మీద పెట్టి, తుడవకుండా, వారం వారం ఒకే సమయానికి కొలవాలి. మన తీరంలో ఎన్ని రోజులకోసారి పలక కడగాలి అన్న ప్రశ్నకు ఆ నోటుపుస్తకమే జవాబు చెబుతుంది. సోలార్ పలక కొనుక్కునే ప్రతి ఇంటికీ అది పనికొచ్చే సమాచారం. వేడిని కూడా చేర్చుకోవాలి. సిలికాన్ పలక 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకీ సుమారు 0.4 శాతం శక్తి కోల్పోతుంది. మే నెల మధ్యాహ్నం పలక 60 డిగ్రీలకు కాగితే ఏడో వంతు పోయినట్టే. సగటున మైనస్ 60 డిగ్రీలుండే అంగారకుడి మీద పలకకు ఈ బాధ లేదు. అక్కడి చలి బ్యాటరీని చంపుతుంది.

రాత్రి గడిచేదెలా

చీకటిని తట్టుకోవడమే అసలు పరీక్ష అన్నది భారతదేశం తన ఖర్చుతో తెలుసుకున్న పాఠం. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయలుదేరిన మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న అంగారకుడి కక్ష్యలోకి చేరింది. మూడు సోలార్ పలకలు, అక్కడి ఎండలో 840 వాట్లు. ఆరు నెలలకని పంపితే ఎనిమిదేళ్లు బతికింది. 2022 ఏప్రిల్‌లో సుదీర్ఘ గ్రహణం నీడలో చిక్కుకున్నాక దానితో సంబంధం తెగిపోయింది. బ్యాటరీ ఖాళీ అయి ఉండొచ్చన్నది ఒక అంచనా.

చంద్రయాన్-3 కూడా అంతే. 2023 ఆగస్టు 23న దిగిన విక్రమ్ ల్యాండర్‌కు 738 వాట్ల పలకలు, ప్రజ్ఞాన్ రోవర్‌కు 50 వాట్లవి. చంద్రుడి మీద పగలు 14 రోజులు, రాత్రి 14 రోజులు. సెప్టెంబరు మొదటి వారంలో రెండింటినీ నిద్రపుచ్చారు. ఆ గడ్డకట్టే రాత్రి తర్వాత అవి లేవలేదు. తమకు అప్పగించిన పనిని పూర్తిచేశాకే ఆగాయి కాబట్టి అది ఓటమి కాదు. కానీ అక్కడ ఇల్లు కట్టాలనుకునేవాళ్లు మొదట జవాబు చెప్పాల్సిన ప్రశ్న అదే.

అంగారకుడి మీద నాసా ఇంజెన్యుటీ హెలికాప్టర్ నెత్తిన ఉన్న చిన్న పలకతో 72 సార్లు ఎగిరింది. అయిదుసార్లు ఎగిరితే చాలనుకున్నారు. దానికి ఆ పేరు సూచించింది అలబామాలో చదువుకుంటున్న, భారతీయ మూలాలున్న ఒక బడిపిల్ల. పగలంతా అది కూడబెట్టిన కరెంటులో ఎక్కువ భాగం ఎగరడానికి కాదు, రాత్రి తన ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికే ఖర్చయ్యేది.

అంగారకుడి మీద మనుషులకు సోలార్ చాలుతుందా, అణుశక్తి కావాలా అన్న వాదన చాలాకాలం ఊహల మీదే నడిచింది. దాన్ని గట్టి లెక్కలోకి తెచ్చినవారిలో ముందు నిలిచింది ఇద్దరు విద్యార్థులే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో పీహెచ్‌డీ చేస్తున్న ఆంథొనీ ఏబెల్, ఆరన్ బెర్లినర్ తమ బృందంతో కలిసి 2022లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆరుగురు మనుషులు, 480 రోజుల కాపురం అనుకుని, ఏ పద్ధతికి ఎంత బరువు మోసుకుపోవాలో కట్టారు. ఆ గ్రహపు మధ్యరేఖకు దగ్గరి ప్రాంతంలో సోలార్‌కు సుమారు 8.3 టన్నులు, అణు రియాక్టరుకు సుమారు 9.5 టన్నులు. ధ్రువాల వైపు పోతే అణుశక్తిదే పైచేయి. గ్రహం మీద దాదాపు సగం చోట్ల సోలారే మేలని తేలింది, ఒక షరతు మీద. పగటి కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసి నిల్వ చేసుకుని, రాత్రికి దాన్ని వాడుకోవాలి. ఉత్త బ్యాటరీలతో అయితే బరువు మోయలేం. పలకలు కాదు, నిల్వే తీర్పు చెప్పింది.

ఈ రంగంలో తెలుగు నేల మూలాలున్న చేతులూ ఉన్నాయి. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన తండ్రికి పుట్టిన వ్యోమగామి రాజాచారి 2022 మార్చి 15న అంతరిక్ష కేంద్రం బయట తొలిసారి నడిచారు. కేలా బ్యారన్‌తో కలిసి ఆ రోజు ఆయన చేసిన పని, చుట్టగా తీసుకెళ్లి విప్పే కొత్త రకం సోలార్ పలకలకు ఆధారపు చట్రాలు బిగించడం.

తీగ తెగిన ఇల్లు

మళ్లీ ఉద్దానానికి వద్దాం. డాబా మీద సోలార్ ఉంటే తుపాను తర్వాత కరెంటు ఉంటుందని చాలామంది నమ్ముతారు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక ఆ నమ్మకం పెరిగింది. నిజం వేరు. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన పలకలు లైనులో కరెంటు పోగానే తమంతట తాము ఆగిపోతాయి. తెగిన తీగ మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కాపాడడానికి పెట్టిన ఏర్పాటు అది, ఉండి తీరాల్సిందే. కాబట్టి బిల్లు తగ్గించే సోలార్ వేరు, చీకటి గడిపించే సోలార్ వేరు. చీకటి గడిపించాలంటే బ్యాటరీ, దానికి తగ్గ ఇన్వర్టరు కావాలి. అంటే అంగారకుడి ఇల్లే కావాలి.

పిల్లలు వేయాల్సిన లెక్క పెద్దదేం కాదు. 30 వాట్ల ఫ్యాను పది గంటలు, తొమ్మిది వాట్ల బల్బులు రెండు అయిదు గంటలు, ఒక ఫోను. మొత్తం సుమారు 400 వాట్-అవర్లు, యూనిట్‌లో సగంకంటే తక్కువ. మంచి ఎండ రోజున వంద వాట్ల పలక ఇంచుమించు అంత ఇస్తుంది. దుమ్ము, వేడి, బ్యాటరీ నష్టాలు కలుపుకుంటే 150 వాట్లది ఉండాలి. ఇదే ఇల్లు అంగారకుడి మీద ఉంటే ఫ్యాను అక్కర్లేదు, హీటరు కావాలి, పలక రెండింతలకు పైగా పెరగాలి.

గాలి లెక్క తిరగబడుతుంది. అంగారకుడి మీద గంటకు వంద కిలోమీటర్ల గాలి కూడా పలకను కదిలించలేదు, గాలి అంత పలచన. తిత్లీ విసురు దానికంటే నూటయాభై రెట్లకు పైగా బలంతో నెట్టింది. అక్కడ పలక పలచగా ఉండాలి, ఇక్కడ బిగింపు గట్టిగా ఉండాలి.

కరెంటు మాటను ఈ తీరం ఎప్పుడూ తేలిగ్గా తీసుకోలేదు. బొగ్గు విద్యుత్ కేంద్రాలు వస్తే సోంపేట బీల, కాకరాపల్లి తంపర అనే చిత్తడి నేలలు ఏమైపోతాయని ఇక్కడి రైతులు, మత్స్యకారులు అడిగారు. 2010 జులై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. సోంపేట ప్రాజెక్టుకిచ్చిన పర్యావరణ అనుమతి కాల్పులు జరిగిన రోజునే రద్దయింది. కరెంటు ఎక్కడి నుంచి రావాలి అన్న ప్రశ్నకు ఇంత ధర చెల్లించిన నేల మీద సోలార్ ప్రయోగం ఉత్త పోటీ వ్యవహారం కాకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది డయాలసిస్. ఉద్దానంలో ఎందరినో పీడిస్తున్న మూత్రపిండాల జబ్బుకు మూలకారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. ఒక్కో రోగి వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు యంత్రం పక్కన పడుకోవాలి. యంత్రంలో నిమిషానికి అర లీటరు చొప్పున ఒక్క విడతకే 120 లీటర్ల శుద్ధమైన నీరు పారుతుంది. కరెంటు పోతే రెండూ ఆగుతాయి. ఆస్ట్రేలియాలో గీలాంగ్ పట్టణంలో డాక్టర్ జాన్ ఏగర్ బృందం సోలార్ కరెంటుతో డయాలసిస్ నడిపి, ఆ వివరాలను 2012లో వైద్య పత్రికలో ప్రచురించింది. తుపాను రోజుల్లో ఒక డయాలసిస్ కేంద్రం మూడు రోజులు సొంతంగా నడవాలంటే ఎన్ని పలకలు, ఎంత బ్యాటరీ, ఎంత నీటి నిల్వ కావాలి? అంగారకుడి ఇంటి లెక్క నేర్చుకున్న విద్యార్థి దీన్ని కూడా వేయగలడు. టెక్కలిలోని ఆదిత్య ఇంజినీరింగ్ కళాశాల, ఎచ్చెర్లలోని ట్రిపుల్ ఐటీ విద్యార్థులు బడిపిల్లలకు తోడుంటే ఆ లెక్క కాగితం దాటి వస్తుంది.

2023 ఫిబ్రవరి 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆజాదీశాట్-2లో దేశంలోని 75 ప్రభుత్వ పాఠశాలల ఆడపిల్లలు 750 మంది తయారుచేసిన పరికరాలున్నాయి. అంతకుముందు ఆగస్టులో వాళ్ల మొదటి ఉపగ్రహం సరైన కక్ష్యకు చేరక పోయింది. ఆరు నెలల్లో మళ్లీ చేశారు. సర్కారు బడి పిల్లలకు ఇవి అందని పనులని ఇక ఎవరూ అనకూడదు.

మన సైన్స్ ఫెయిర్లలో ఏటా కనిపించే అంగారక నగరాలు చూడ్డానికి బాగుంటాయి. రంగులు వేసిన థర్మోకోల్ గుమ్మటాలు, పైన నీలం కాగితం పలకలు. వాటిలో ఒక్క కొలతైనా ఉండదు. కొలత లేనిది ప్రయోగం కాదు. నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసే మనిషి ఏ నెల ఎండకు ఎన్ని రోజుల్లో ఉప్పు తేలుతుందో చూసి చెబుతాడు. ఆ పాటి గమనింపు పిల్లల నోటుపుస్తకంలోకి రావాలి.

పలాస, టెక్కలి, సోంపేట, కవిటి ఉన్నత పాఠశాలల సైన్సు ఉపాధ్యాయులకు ఒక విన్నపం. అక్టోబరు మొదట్లో అరసవల్లి కిరణాల రోజున మొదలుపెట్టి, మార్చిలో అవి మళ్లీ వచ్చేదాకా వారానికి ఒక్క కొలత తీయించండి. ఒక పలక తుడిచి, ఒక పలక తుడవకుండా. ఈసారి జిల్లా సైన్స్ ఫెయిర్‌కు గుమ్మటం బదులు ఆ నోటుపుస్తకం పంపండి. దాని నకలు ఒకటి మీ మండలంలోని డయాలసిస్ కేంద్రానికి కూడా ఇవ్వండి.